లస్కరు పేరు

మా తాత పేరు ఫ్రెడరిక్.
ఇంటిపేరు కొల్లాబత్తుల.
బాప్తిస్మం నాడు జర్మనీ దొర
తన అన్నగారి పేరు తీసి ఇచ్చాడంటారు.
లూథరన్ గుడి రిజిస్టరులో ఆ అక్షరాల్ని
చెదలు తినగా నాలుగు మిగిలాయి.

వేములమెరకలో ఆ పేరు ఎవరి నోటా పట్టలేదు.
పెదరిక్కన్నారు, పెద్రికన్నారు.
బళ్ళో పిల్లలు "పేదరికం, పేదరికం" అని ఏడిపిస్తే
చొక్కా లేని ఒళ్ళు చూసుకుని
అబద్ధమేం కాదులే అనుకున్నాడట.

మొన్న పాస్టరుగారి బీరువాలో
వానకి ఉబ్బిన పేర్ల పుస్తకం దొరికింది.
ఫ్రిడ్ అంటే శాంతి. రిక్ అంటే ఏలేవాడు.
మంచు అడవుల్లో బల్లేలు పట్టుకు తిరిగేవాళ్ళు
ఉయ్యాల్లో బిడ్డ మీద పెట్టుకున్న ఆశ.
ఆ పేరున్న రాజులు మాత్రం
కత్తి దించింది తక్కువేనట.

తాతకి కిరీటం లేదు.
కాలవ మీద లస్కరు పని.
ఖాకీ నిక్కరు, ఇత్తడి బిళ్ళ,
తూము తలుపు తిప్పే ఇనప తాళం.
దాన్ని భుజానేసుకుంటే
ఓ పక్కకి ఒరిగి నడిచేవాడు.

ఓ దాళ్వా ఏడు, శివరాత్రి వెళ్ళాక,
శివారు చేలు నెరలిచ్చిన రాత్రి
మెరకోళ్ళు పారలతో ఇటు,
లంకోళ్ళు కర్రలతో అటు.
నడిమధ్య తూము మీద తాత,
తాళం తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని.
"ఆయ్, కొట్టుకోండి.
మిగిలినోళ్ళెవరో వచ్చి చెప్పండి,
ఎవరి బోదెలోకి వదలాలో."
ఎవరో నవ్వారు. ఎవరో బీడీ అడిగారు.
తెల్లారి అరపూట ఇటు, అరపూట అటు
మడమ తడిసేన్ని నీళ్ళు.
ఎవరికీ చాలలేదు.
ఎవరూ చావలేదు.

ఆ తరవాతే కాబోలు
పెద్రిక్ కాస్తా పెద్దరికం అయింది.
గట్టు తగువొస్తే కబురెట్టేవారు.
తీర్పు తీసుకునేవారు.
అరుగెక్కి కూర్చోమని మాత్రం
ఒక్కరూ అన్లేదు.

మామ్మ ఆయన పేరు ఏనాడూ పలికింది కాదు.
"మా ఇంటాయన"తోనే నలభై ఏళ్ళు గడిపింది.
ఆయన పోయాక, భీమవరం పింఛను ఆఫీసులో
మొగుడి పేరు చెప్పమంటే
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని
"పెద్దరికమండి" అంది.

గుమాస్తా కలం ఆపాడు.
పెద్దరికం సరేనమ్మా, పేరు చెప్పు.

"అదేనండి," అంది మామ్మ,
సిరాలో ముంచడానికి
బొటనవేలు చాపుతూ.