నిలకడ

ఏడో నంబరు బావి అంటారు గానీ
బావి కాదు. రెండంగుళాల ప్లాస్టిక్ గొట్టం,
కాంక్రీటులో బిగించిన ఇనుప మూత,
మూత కింద ఒక సాలీడు కాపురం.
మూడు నెలలకోసారి అడిలైడ్ నుంచి రెండు గంటలు బండి నడుపుకొచ్చి
ఆ కాపురం కూలుస్తాను.

కడీనా ఊరి చివర, పెట్రోలు బంకు ఉండిన చోట
ఇప్పుడు కంచె, కంకర, పదకొండు మూతలు.
టేపు దించుతాను. నీరు తగలగానే కూత పెడుతుంది.
నాలుగు మీటర్ల ముప్ఫై ఎనిమిది.
నీటి మీద నూనె తేలుతుంటే కూత తీరు మారుతుంది.
మూడేళ్ళుగా మారలేదు.

పంపు సన్నగా తోడుతుంది,
చంటిపిల్లకు ఉగ్గు పట్టినంత నిదానంగా.
తొందరపడితే వచ్చేది బురద.
ఉప్పెంత, పులుపెంత, ప్రాణవాయువెంత అని
ఐదేసి నిమిషాలకు రాసుకుంటూ
అంకెలు కుదుటపడేదాకా గొంతుక్కూర్చుంటాను.
నిజం నిలకడ మీద తెలుస్తుందన్నవాడెవడో
ఏ కాలంలోనో ఈ పనే చేసి ఉంటాడు.

బండి చప్పుడు విని
కంచె అవతలికి డారిల్ పెంగెల్లీ వస్తాడు.
అరవై ఏళ్ళ మనిషి, చంకలో ఫ్లాస్కు.
"ఈసారి ఎంత?"
"ల్యాబు చెప్పాలి."
ఎప్పుడూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు,
ఫ్లాస్కు మూతలో నాకింత టీ.

పందొమ్మిదేళ్ళప్పుడు ఇక్కడే పెట్రోలు పట్టేవాడు.
యజమాని గిల్‌క్రైస్ట్ రోజూ రాత్రి
ట్యాంకులోకి కర్ర దించి, తడి ఎంతవరకుందో చూసి
పుస్తకంలో ఎక్కించేవాడు.
అమ్మకానికీ తడికీ వారానికి నలభై లీటర్ల తేడా.
కర్ర అబద్ధమాడదు. పుస్తకం అబద్ధమాడదు.
ఇక మిగిలింది కుర్రాడు.

అడిగితే నీళ్ళు నమిలాడట.
భయపడ్డవాడికి నమలడానికి ఇంకేముంటుంది?
ఆ ఏడు బార్లీ గోదాముల్లో పని దొరకలేదు.
ఫుట్‌బాల్ జట్టులో అతని చొక్కా నంబరు ఇంకొకడికిచ్చారు.
వాళ్ళమ్మ చర్చిలో వెనక వరుసకు మారింది,
ఎవరూ మారమనకుండానే.

ముప్ఫై ఏడేళ్ళ తర్వాత
క్రేను ఆ ట్యాంకును గాల్లోకి లేపినప్పుడు
అడుగున, సరిగ్గా కర్ర వచ్చి తగిలేచోట
కందిగింజంత చిల్లు.
కొలిచి కొలిచి పడ్డ చిల్లు!
ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఏమో అనుకున్నాను.
గిల్‌క్రైస్ట్ అప్పటికే ఊరి శ్మశానంలో ఉన్నాడు,
మా మ్యాపులో అది ఎగువ. అటు మరక పోలేదు.

లారీలతో మట్టి తరలించాం. మిగిలిన దానికి
కింద నుంచి గాలి ఊదుతున్నాం.
ఊపిరాడితే చాలు, కంటికానని పురుగులు
పెట్రోలునే తిని బతుకుతాయి.
డారిల్‌కు ఈ ముక్కంటే ఇష్టం. ప్రతిసారీ మళ్ళీ చెప్పించుకుంటాడు.
"దాన్నే తింటాయా!" అని నవ్వుతాడు.

చిన్న సీసాలు అంచు పొంగేలా నింపి, మూత బిగించి, తలకిందులు చేస్తాను.
ఒక్క బుడగ కనబడినా పారబోసి మళ్ళీ మొదలు.
తర్వాత ఐసుపెట్టె. తర్వాత కాగితం:
ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి,
ఏ గంటకు, ఏ నిమిషానికి, సంతకం.
దారిలో ఎవరూ ముట్టలేదనడానికి సాక్ష్యం.
కంచె మీదుగా మెడ చాచి దాన్ని చదువుతాడు.
"కాసిని నీళ్ళకా ఇంత!"
నేనేం మాట్లాడను.

పోయినసారి బెంజీన్ పద్దెనిమిది.
అంతకుముందు ముప్ఫై ఒకటి.
ఒకటికి దిగితే ఫైలు మూసేస్తారు, గొట్టాలు పూడ్చేస్తారు,
నాకిక కడీనాతో పని లేదు.

మూత బిగిస్తుంటే అడిగాడు,
"తగ్గుతోంది కదూ?"
తగ్గుతోందన్నాను.
ఫ్లాస్కులో అడుగున మిగిలిన టీ కంకరలో ఒంపేశాడు.
"నిదానంగానే తోడు," అన్నాడు.
"నాకేం తొందర లేదు."