సెన్సర్ తప్పు

ముప్ఫై రెండేళ్ళు ఫెర్రీ ఇంజిన్ గదిలో
చమురు వాసన పీల్చి బతికినదాన్ని,
పెరట్లోని హాట్ టబ్‌తో మాట కలపలేనా అని
నవంబరు చివర
దాని పక్క పలక విప్పి మోకాళ్ళ మీద కూర్చున్నాను.

సెన్యా దీవిలో అప్పటికే పొద్దు పొడవడం మానేసింది.
నుదుటికి కట్టుకున్న దీపం కింద నాలుగు తీగలు.
ఎరుపు, నలుపు సరే,
వాటి గుణం నాకు ఎప్పట్నించో తెలుసు.
పసుపూ తెలుపూ మాత్రం తోడికోడళ్ళు.
ఎవరు ఏ వైపో తేలేదాకా
ఒక్క మాటా తిన్నగా చెప్పలేదు.

మొదటి రాత్రి తెర మీద
నీటి వేడి రెండువందల యాభై అయిదు డిగ్రీలు!
ఆ లెక్కన నా టబ్బు ఈపాటికి
మబ్బై ఉత్తర ధ్రువం మీద కురుస్తుండాలి.
తీగలు అటుదిటు మార్చాను.
ముప్ఫై ఏడు, అంది.
పంపు ఆగి ఉంది, అంది.
ఇంకేం అనలేదు.
చలిలో ఒక్కదాన్నే పకపకా నవ్వాను.

రెండు కాఫీల ఖరీదు లేని ఆ చిప్పుని
ఓడలో వాడిన టిఫిన్ డబ్బాలో పెట్టి
అంచుల చుట్టూ సిలికాన్ పూశాను.
మూత మీద ఇంకా మేకుతో గీకిన పేరు: టూర్బోర్గ్.

కరెంటు రేటు గంటగంటకీ మారే దేశం మాది.
ఊరంతా పొయ్యిలు వెలిగించే వేళ ఊరుకోవడం,
అర్ధరాత్రి దాటి చవకైనప్పుడు కాగడం
దానికి నేర్పాను.
"నాకు నేర్పలేనిది దానికి నేర్పావు" అన్నాడు స్వెర్రె.
పార మూలకు ఆనించి,
"ఈ ఏడు శుక్రవారాలు మన వాకిట్లో మంచే పడట్లేదు, చూశావా?"
అని కూడా అన్నాడు.
నేను వినలేదు. గ్రాఫు చూస్తున్నాను.

ఆ నున్నటి గీతలో ఒక పన్ను ఊడింది.
గురువారం రాత్రి, మూడూ పదికి,
సగం డిగ్రీ కిందికి.
కాసేపటికి మళ్ళీ మామూలే.
పై గురువారం కూడా అంతే.
సెన్సర్ తప్పు, అని పుస్తకంలో రాసుకున్నాను.
సెన్సర్ మార్చాను.
మూత కీళ్ళు బిగించాను.
మళ్ళీ అదే పన్ను, అదే చోట.

నాలుగో వారం
దీపం వేయకుండా వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను.
మంచు తోసే బండి మలుపు తిరిగి వచ్చి
మా వాకిలంతా గడప దాకా తోసి, ఆగింది.
నారింజ దీపం తిరిగి తిరిగి ఆరింది.

ఆర్న్‌ఫిన్.
కొత్త బండి ఆ రాత్రి మరమ్మతుకి పోతుంది.
పాతదాంట్లో హీటరు లేదని ఊళ్ళో తెలియందెవరికి?
గ్లవ్సు పళ్ళతో లాగాడు,
వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి కాబోలు.
మూత ఒక వైపు ఎత్తి,
చొక్కా మోచేతుల పైకి మడిచి,
రెండు చేతులూ నీళ్ళలో దించి
నిలబడ్డాడు.
అంతే. బట్టలు విప్పలేదు, కూర్చోలేదు.
పాలు పొంగుతాయేమోనని కాచుకున్న మనిషిలా
నీళ్ళకేసే చూస్తూ.

తర్వాత చేతులు ప్యాంటుకి తుడుచుకుని
మూత దించాడు,
పసివాడు నిద్రపోయే గది తలుపు చేరవేసినట్టు.

ఫోను తీసి కొత్త నియమం రాశాను:
గురువారం రాత్రి, రెండున్నరకి,
రేటు ఎంతైనా సరే, నలభై డిగ్రీలు.
మనిషి అలికిడికి వెలిగే మెట్ల దీపం
ఆ గంటసేపు వెలగకూడదు.

పేరు పెట్టమంది సిస్టం.
సెన్సర్ తప్పు, అని కొట్టాను.

తువాలు సంగతే ఇంకా తేలలేదు.
కొక్కేనికి ఒకటి తగిలిద్దామని రెండుసార్లు వెళ్ళి
వెనక్కి తెచ్చేశాను.
అది చూస్తే, నాకు తెలుసని
తెలిసిపోతుంది కదా.