తేదీకి చోటు

మురకంబట్టు దాటినాక ఎడమచేతి పక్క
రేకుల షెడ్డు, మా పాలిషింగ్ యూనిట్.
అద్దంలా నున్నగా తేల్చిన నల్లరాయి
మద్రాసు రేవు మీదుగా
మేము చూడని దేశాల సమాధులకు పోతా ఉండేది.
పేరుండదు దాని మీద, తేదీ ఉండదు.
పోయినోడెవరో అక్కడోళ్ళే చెక్కుకుంటారు.

ఆ ఏడు మామిడి పూత నాటికి ఆర్డర్లు నిలిచిపోయినాయి.
"ఏమప్పా, అక్కడ చావులు కూడా ఆగిపోయినాయా?"
అన్నాడు చెంగల్రాయులు.
నవ్వినాము.
ఆ నవ్వు జీతం రోజు దాకా ఉండింది.

తరవాత వరస కట్టి మూతలు.
పల్పు ఫ్యాక్టరీ గేటుకు తాళం,
తోతాపురి ట్రాక్టర్లు రాత్రంతా రోడ్డువారనే.
తెల్లారి కిలో రెండు రూపాయలు, మధ్యాన్నానికి అదీ లేదు.
ఆవులు కూడా మొకం తిప్పుకునేంత పండు.
బెల్లం మండీలో కాటా ఎక్కి
పిల్లోళ్ళు తమ బరువు చూసుకుంటా ఉండారు.
టీ బంకు కన్నెమ్మ అప్పుల పుస్తకం రెండోది కొనింది,
అదీ అప్పుకే.

టీవీలో మాత్రం దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలా.
మందగమనం అన్నారు ఒక వారం.
ఇంకో వారం సర్దుబాటు.
అమ్మోరు పోసిన ఇంట్లో జొరం పేరెత్తనట్టు.

ఆడి నెలలో ప్యాకేజీ ప్రకటించినారు.
లక్షల కోట్లంట. సున్నాలు లెక్కబెట్టబోయి
చెంగల్రాయులు రెండుసార్లు తప్పినాడు.
మా దాకా వచ్చిన మొదటి వాటా
ముప్ఫై నాలుగు శిలాఫలకాలు.

అట్ట తెరుచుకునింది షెడ్డు.
సమాధులకని కోసిపెట్టిన పలకలే,
కొలత సరిగ్గా సరిపోయింది.
నాకు అక్షరానికి మూడు రూపాయలు.
'గౌరవనీయులు' అంటే ఆరు అక్షరాలు, పద్దెనిమిది.
ఒక్కో ఫలకానికి తొమ్మిది మంది గౌరవనీయులు.
'ఆర్థిక పునరుజ్జీవన పథకం' ముప్ఫై ఆరు.
'పని' అనే మాటకు ఆరే,
అదీ ఒక్కచోటే వచ్చింది.
ఎవురిని తిట్టేది?
ఆ నెల మా ఇంట్లో పప్పు ఉడికింది బిరుదుల మీదే.
ఇంకా పొడుగు పదవులుండే వాళ్ళు లేరా
అని అడిగింది రెడ్డెమ్మ, మా ఆడమనిషి.

తేదీ దగ్గర ఖాళీ వదలమన్నారు.
నాకది అలవాటే.

వానలు పట్టే ముందర ఒకామె స్కూటీలో వచ్చింది,
నీళ్ళ శాఖ ఇంజినీరు, మెహతాబ్ అంట పేరు,
బూట్ల నిండా బురద.
ఫలకం ఊసెత్తలా. మస్టరు తెరిచింది.
నీవా నుంచి చెరువులకు పోయే పాత కాలవ,
పదకొండు కిలోమీటర్లు,
తుమ్మ కొట్టాల, పూడు తియ్యాల,
చేతులుండే వాళ్ళందరూ రావచ్చు, అనింది.
పోయినాము.
రాతిదుమ్ము తిన్న చేతులు, మిషను కుట్టిన చేతులు,
పల్పు ఫ్యాక్టరీ ఆడోళ్ళవి, గోళ్ళల్లో ఇంకా పసుపు.
ఒక చీటీల కంపెనీ ఏజెంటు కూడా,
పారను పెన్ను పట్టినట్టు పట్టుకుని.

మా పేర్లు పెన్సిల్తో రాసుకునింది.
రాతిలో కొట్టేవాణ్ణి కదా, మనసు చివుక్కుమనింది.
"సిరా అయితే వానకు పాకుతుందన్నా,
పెన్సిలు పాకదు," అనింది.

కూలి పదిహేడో రోజు పడింది, సగం.
మిగిలింది పైనుంచి రావాలంట.
"పైన అంటే ఎంత పైన మా?" అన్నాడు చెంగల్రాయులు.
"నా మూడు నెలల జీతం ఉండేంత పైన."

ఆరో కిలోమీటరు దగ్గర కాలవ దాటేదానికి
మా ఫలకాన్నొకదాన్ని ఎవురో అడ్డంగా పరిచినారు,
అక్షరాలు పైకి.
మధ్యాన్నం దాని మీదే కూర్చుని సంగటి తింటాము.
ఒకనాడు ఆమె వేలితో గాడులను తడిమింది.
తొమ్మిది మంది పేర్ల లోనూ మన్ను.
తేదీ చోటు ఒక్కటే
మబ్బు కనబడేంత నున్నగా.

"ఇంత తీరుగా ఎవరు చెక్కినారిది?"

నేను తల గోక్కున్నాను.
"పునరుజ్జీవనలో జ వొత్తు రవ్వంత జారింది మా.
ఆ పూట చెయ్యి వణికింది.
తినలా."