ఆరో ముడి

కళింగపట్నం మొగ దాటాక
కర్రెన్న ఇంజన్ ఆపేస్తాడు.
పడవ కాసేపు ఊగి, ఊరుకుంటుంది.
అప్పుడు నేను తాడు వదులుతాను.
చివర భోజనపళ్లెమంత తెల్ల రేకు,
మూరకో ముడి.

పళ్లెం కనబడకుండా పోయే చోట ముడి లెక్కపెట్టి
పుస్తకంలో రాయడం నా ఉద్యోగం.
సీసాడు నీళ్లు పట్టి, గదికెళ్లి వడగట్టి
కాగితం మీద మిగిలిన మట్టిని తూచడం కూడా.
ఎవరడిగినా మా అమ్మ ఇప్పటికీ
"నీళ్లాఫీసు" అంటుంది.

మొదటి రోజే అలకి తల తిరిగింది.
అంచు మీద వంగలేక కళ్లు మూసుకుంటే
కర్రెన్నే తొంగిచూసి అరిచాడు:
"తొమ్మిదో ముడి, ములిగిపోనాది, రాస్కో గుంటా."
ఆనాటి నుంచి చూపు అతనిది, రాత నాది.
ఏడేళ్లు.

ఆషాఢంలో వంశధార ఎర్రగా దిగుతుంది.
ఎక్కడి పోడు మట్టో,
గట్టు కోసుకుపోయిన ఎవరి మడో.
మొగలో ఉప్పు తగిలేసరికి
రేణువు రేణువుని పట్టుకుంటుంది,
బరువెక్కింది బరువెక్కినట్టే దిగిపోతుంది.
మిగిలింది, కొత్త చీర మొదటి ఉతుక్కి వదిలిన రంగులా
ఉత్తరానికి, భావనపాడు వైపు సాగుతుంది.
కార్తీకానికి ఒరవడి తిరగబడుతుంది.
అదే రంగు, ఈసారి దక్షిణానికి.
అమావాస్య పోటుకి అడుగున పడుకున్నది లేస్తుంది,
అష్టమికి మళ్లీ పడుకుంటుంది.
మాఘంలో సముద్రం తేరుకుంటుంది.

"తేటనీల్లు నీకు సంబరం.
నాకేటి? వలని సేప సూసీస్తాది"
అంటాడు కర్రెన్న.

కొత్తనీటి కుండలో మా అమ్మమ్మ
ఇండుపగింజ అరగదీసేది.
తెల్లారేసరికి మట్టి కింద, నీళ్లు పైన.
ఇంత నీటికి ఏ గింజ?

మొన్న, ఏడు మాఘాల అంకెల్ని గీతగా కలిపాను.
తొమ్మిది, తొమ్మిది, ఎనిమిదిన్నర, ఎనిమిది,
ఏడు, ఆరున్నర, ఆరు.
మెట్లు దిగుతున్నట్టు
మసకబారిపోతున్న సముద్రం.
పై ఆఫీసరు సంబరపడ్డాడు, పంపించేద్దామన్నాడు.
వడకట్టు కాగితాలు ఒప్పుకోలేదు.
అదే చోటు, అదే పూట.
తూకంలో మట్టి
వెంట్రుకంత కూడా పెరగలేదు.

మర్నాడు తల తిరిగితే తిరిగిందని
అంచు పట్టుకుని నేనే వంగాను.
"ఆరు" అన్నాడు కర్రెన్న.
ఆరో ముడి నా వేళ్ల మధ్య ఉంది.
కింద పళ్లెం
ఇప్పుడే తోమి బోర్లించినంత తెల్లగా ఉంది.
ఏడు వదిలాను. ఎనిమిది.
తొమ్మిది దగ్గర, నిదానంగా,
ఆకుపచ్చలోకి వెళ్లిపోయింది.

తలెత్తి అతని ముఖం చూశాను.
రెండు కంటిపాపల మీదా
బియ్యం కడిగిన నీళ్ల రంగు.
నేను సీసాల్లో పట్టి తూస్తున్న కలక
నాకెదురుగా, చుక్కాని దగ్గర కూర్చుని
బీడీ వెలిగించుకుంటోంది.

చెప్పాను.
చాలాసేపు తాడు చుట్టుకుంటూ ఉండిపోయాడు.
"అయితే సంద్రం బాగానే ఉందన్నమాట"
అన్నాడు చివరికి.
"నీటికే ఏటో అయిపోనాదనుకున్నాను."

పాత అంకెల్ని కొట్టెయ్యలేదు.
ప్రతి పేజీలో పక్కన ఇంకో గడి గీసి
"చూసినవారు" అని రాశాను.
ఏడేళ్ల పొడుగునా ఒకటే పేరు:
సూరాడ కర్రెన్న.
గీతలో సముద్రమెంత, కన్నెంత
మాఘాలకైతే తేలింది.
ఆషాఢాల సంగతి ఇంకా చూడాలి.

శ్రీకాకుళంలో రెండో కన్నూ కోయించుకున్న నెలకి
నల్లద్దాలతో పడవెక్కాడు.
మొగ దాటాక ఇంజన్ ఆపి
అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.
నేను తాడు వదిలాను.
పళ్లెం వైపు కాదు, ముందు నావైపే చూశాడు.

"ఒలమ్మా,
నీకిన్ని తెల్లెంటుకలు
ఎప్పుడొచ్చీసినాయే?"