మూడో కాపీ

లాలాపేట మునిసిపల్ మార్కెట్టులో
నూట పద్నాలుగు గదులు.
పదహారేళ్ళుగా ఒకటో తారీఖు దాటగానే
సంచీలో రసీదు పుస్తకం, చెవిమీద పెన్ను,
నేను.
నన్ను చూడగానే కొందరికి దగ్గొస్తుంది.
మిరప ఘాటుకి కాదని నాకూ తెలుసు.

పోయిన శ్రావణంలో బొంబాయి నుంచి ముగ్గురొచ్చారు.
బూట్లకు మురుగు అంటకుండా
ఇటుకల మీద అడుగులేసుకుంటూ నడిచారు.
కప్పు ఊడిన చోట ఆకాశాన్ని ఫోటో తీశారు.
పదేళ్ళ వసూలు లెక్క కావాలన్నారు.
ఇచ్చాను. బకాయి నూటికి నాలుగు.
ముగ్గురూ ఒకేసారి తలూపారు.
ఆ తలూపుడికే రేటింగని పేరట.

ఆ నాలుగూ ఎవరని అడగలేదు.
నా చొక్కా జేబులో చిన్న పుస్తకముంది, తియ్యలేదు.
నలభై మూడు: యెహోషువ, ఖాతా పుస్తకాల బైండింగు.
కంప్యూటర్లొచ్చి సగం పని పోయింది. క్రిస్మస్ దాటాక ఇస్తానన్నాడు.
అరవై: శేషారత్నం, కాఫీ పొడి. మరమోటారు కాలింది.
తొంభై ఒకటి: చెప్పలేదు.
కళ్ళు చూసి నేనూ అడగలేదు.

ఇరవయ్యేడు కాలేషాది.
గది కాదది, మెట్ల కింద మిగిలిన మూల.
తాళంచెవి అరగదీస్తూ, ఆకురాయి ఆపకుండానే అడిగాడు:
"పడగొట్టి నాలుగంతస్తులు లేపుతారంట గదా,
డబ్బులేడియ్యి?"

నాకర్థమైనంత చెప్పాను.
ఊరు తన మార్కెట్టుని
తనే పెట్టిన కంపెనీకి ముప్పై ఏళ్ళకి రాసిస్తుంది.
కంపెనీ బాండ్లమ్మి కడుతుంది.
కట్టినదాన్ని మళ్ళీ ఊరే లీజుకి తీసుకుంటుంది.
ఆ లీజు కట్టాలి గనక మీ అద్దెలన్నీ
ముందు ఒక తాళమేసిన ఖాతాలో పడతాయి.
బాండ్లు కొన్నోళ్ళ వడ్డీ పోయాకే
వీధి దీపాలకైనా, నా జీతానికైనా.

"సొంతింట్లో అద్దెకుండటమా?"
"అట్టాంటిదే."
ఇత్తడి పొడి ఉఫ్ మని ఊదాడు.
"అప్పు మా అద్దె మీదైతే జామీను మేమేగా.
మా బావమరిది ఆటోకి జామీనుంటేనే
బ్యాంకోళ్ళు పదకొండు సంతకాలు పెట్టించారు.
దీనికి ఒక్కటీ అడగలేదే?"

ఏం చెప్పను.
ఆ రాత్రి నాలుగొందల పేజీల కాగితంలో వెతికాను.
కిరాయిదారులు అని ఒకచోట ఉంది,
నష్టభయాలు అనే తలకట్టు కింద,
వరదకీ భూకంపానికీ మధ్య.

"నేనూ ఒకటి కొనచ్చా?" అన్నాడు మర్నాడు.
లక్షకి తక్కువ ఇవ్వరన్నాను.
"రెండున్నర వేల తాళంచెవులు"
అన్నాడు, లెక్కకి క్షణం కూడా ఆగకుండా.

శేషారత్నాన్నీ అడిగాను, ఏమంటావమ్మా అని.
"ఆడాళ్ళకో మరుగుదొడ్డి కట్టమను.
పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తాగకుండా
ఇరవై రెండేళ్ళు కూర్చున్నా.
అది కడితే ముప్పై ఏళ్ళేంటి, నా మనవడి చేత కూడా కట్టిస్తా."
ఈ మాట కూడా
బొంబాయి వాళ్ళ కాగితంలో లేదు.

నందివెలుగు రోడ్డు రేకుల షెడ్లలోకి మారి ఏడు నెలలు.
గిరాకీ సగం దారి తప్పింది.
మార్కెట్టున్న చోట గొయ్యి, గోతిలో వాననీళ్ళు,
నీళ్ళలో తలకిందులుగా క్రేను.

మొదటి వడ్డీ మొన్న పోయింది,
గడువుకి ఒకరోజు ముందే.
ఆఫీసులో లడ్డూలు పంచారు.
రెండు తీసుకుని ఒకటి కాలేషాకిచ్చాను.
"ఎందుకూ?"
"కట్టింది నువ్వే గదా."
నూనె చేతులు తుడుచుకుని
సగం తిని సగం పొట్లం కట్టాడు.

రసీదు పుస్తకం మారింది.
ఇదివరకు రెండు కాపీలు, వాళ్ళకొకటి, ఆఫీసుకొకటి.
ఇప్పుడు మూడోది ట్రస్టీకట, బొంబాయిలో.
కార్బను మాత్రం పాతదే.
మూడో కాగితం దాకా అక్షరం దిగదు.
అందుకని కాలేషా పేరు
బల్లమీద పెట్టుకుని, వేళ్ళు తెల్లబడేట్టు
అదిమి రాస్తున్నాను.