గురువారం రక్తాల డాక్టరు

నాలుగో నంబర్ కౌంటర్లో పదకొండేళ్ళుగా నేనే.
అద్దానికి కోసిన గుండ్రటి కంతలోంచి
ఎన్ని ఊళ్ళు తొంగిచూశాయో నా వైపు,
మలావీ రావడం మాత్రం అదే మొదలు.

పేరు తకోండ్వ మ్వాలే.
కంప్యూటరు ముందు ఇంటిపేరడిగింది,
తర్వాత తండ్రి లేదా భర్త పేరు,
తర్వాత ఆధార్.
ఆమె పాస్‌పోర్టు తోసింది, పోలీసు రిజిస్ట్రేషన్ కాగితం,
తార్నాక హాస్టల్ వార్డెన్ సంతకం పెట్టిన ఉత్తరం,
అన్నీ జిరాక్సులే, అన్నీ ఒక బేకరీ కవర్లో.
పైపెదవి మీద చెమట. హాల్లో ఏసీ పద్దెనిమిది.

హబ్సిగూడ క్లినిక్కులో కాళ్ళనొప్పుల మాత్రలిచ్చారట.
రామంతాపూర్ ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి
ఎముకలు భేషుగ్గా ఉన్నాయన్నాడట.
మూడో ఆయన "కొత్త ఊరు కదమ్మా, బెంగ" అన్నాడట.
చిన్నప్పటి నుంచీ తన జబ్బు పేరు తనకు తెలుసు,
ముగ్గురికీ చెప్పింది కూడా.
చెబితే సరిపోదిక్కడ,
ఎవరో రాసిన చీటీ ఉండాలి.

రక్తాల డాక్టరు గురువారమే వస్తారు.
ఆ రోజు గురువారం. కలిసొచ్చింది అదొక్కటే.

జాతీయత గడి నింపగానే
ఫీజు తనంతట తనే మారింది:
ఏడొందలు కాస్తా మూడువేల రెండొందలు.
విమానం దిగి మోకాళ్ళు మార్పించుకునే వాళ్ళకు కట్టిన ధర
మెస్ బిల్లు బాకీ ఉన్న పిల్లకి.
సూపర్‌వైజర్ని అడిగాను. సిస్టమ్, అన్నాడు.
ఆయనెవరో పదకొండేళ్ళలో నాకెప్పుడూ ఎదురుపడలేదు.
తకోండ్వ లెక్కపెట్టి ఇచ్చింది,
చివరి రెండొందలూ పదుల నోట్లు.

నర్సు అడిగింది: నొప్పి పదిలో ఎంత?
ఎనిమిది.
ఎట్లా నొస్తుంది?
ఇద్దరి ఇంగ్లీషూ అక్కడితో అయిపోయింది.
నేను లేచి వెళ్ళాను.
సలుపా, పోటా, తీపా, గుంజుతోందా,
సూదులు గుచ్చినట్టా, రోకటితో దంచినట్టా?
ఒక్కోటీ చేతులతో చేసి చూపించాను,
గుంజుడుకి నా వేళ్ళు నేనే లాక్కున్నాను.
రోకలి దగ్గర తలాడించింది.
వాళ్ళింట్లోనూ రోలుందట, మక్కలు దంచుతారట.
కుప్వెతెక, అంది.
ఫారం మీద రాశాను: దంచినట్టు.
మరి నీ పేరుకి అర్థమేంటన్నాను.
"సంతోషపడ్డాం" అనట.
చెప్పి, తనే నవ్వింది, ఎనిమిదిలో.

బెంచీ మీద పక్కన
ఉట్నూరు వైపు నుంచి వచ్చిన కుమ్ర రాజుబాయి,
ఆరోగ్యశ్రీ కార్డు, తొమ్మిదేళ్ళ కొడుకు,
వాడి కళ్ళలో పసుపు.
ఆమె తెలుగు నాకు సగమే అందుతుంది,
ఆమె గోండు మాట ఈ అయిదంతస్తుల్లో ఎవరికీ రాదు.
ఆ పిల్ల కాలు పట్టుకున్న తీరు చూసింది,
తన కొడుకుని చూసింది.
ఏమీ అడగలేదు.
ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి అందించింది.
కొంగు ఆ పిక్కకి చుట్టి
కిందినుంచి పైకి మెల్లగా ఒత్తడం మొదలుపెట్టింది,
రాత్రుళ్ళు కొడుక్కి చేసి చేసి అబ్బిన ఒత్తుడు.
"నీళ్ళు. మస్తు నీళ్ళు" అంది.
కాసేపాగి "సలి వద్దు" అంది,
చల్లగాలి తగలని మూలకి ఇద్దర్నీ జరిపింది.
పదకొండేళ్ళుగా రిమోట్ నా సొరుగులోనే ఉంది.
తీసి ఇరవై ఆరు చేశాను.

ఇంకో గడి మిగిలింది:
వెంట వచ్చినవారు, సంబంధం.
ఖాళీగా వదిలితే ఫారం కదలదు.
బాణం నొక్కితే వరసలు దిగుతాయి,
తల్లి, తండ్రి, భర్త, తోబుట్టువు, ఇతరులు.
ఈలోగా మైకు పిలిచింది, "మిస్ తాకొండా" అని.
ముగ్గురూ లేచారు.
రాజుబాయి టోకెనుకి ఇంకా ఇరవై ఉన్నాయి.
తలుపు దగ్గర కుర్రాడు "వెంట ఒక్కరే" అన్నాడు,
ఆమెకు అర్థం కాలేదో, అయిందో,
కొడుకుని నాకు చూపించి, పిల్లని పట్టుకుని లోపలికి నడిచింది.

తోబుట్టువు, నొక్కాను.
సిస్టమ్ ఆధార్ అడిగింది.
రాజుబాయిది కొట్టాను.
కిక్కురుమనకుండా తీసుకుంది.