ఎజెండాలో ఆరో అంశం

మినిట్స్ రాసేది నేనే, ఇరవై రెండేళ్లుగా.
ఎల్లెర్‌షైట్ గ్రామసభ, హాజరు ఆరుగురు,
అధ్యక్షత వెండెలిన్ క్రెమ్‌పెల్,
పోస్టాఫీసులో రిటైరై
జీతం లేని మేయరు పనికి కుదిరినవాడు.
ఆఫీసంటూ మాకు లేదు.
ఫైరింజను గదిలో, ఆరేసిన గొట్టాల
తడి రబ్బరు వాసన కింద కూర్చుంటాం.
ఊళ్లో రెండు వందల పద్నాలుగు మందిమి.
మొన్న శుక్రవారం దాకా పదిహేను.

ఒకటో అంశం బస్టాపు బల్ల.
రెండు, శ్మశానంలో కుళాయి, గడ్డకట్టి పగిలింది.
మూడు, పిడుగు పడ్డ వీధిదీపం.
అది ఆరిపోయాక చుక్కలు బాగా కనిపిస్తున్నాయంది ఓటీలియా.
వెలిగించమని తొమ్మిదిమంది సంతకాలు.
చుక్కలకీ కరెంటు బిల్లుకీ మధ్య నలభై నిమిషాలు.
నేను రాసింది ఒక్క మాట: చర్చించడమైనది.
మినిట్స్ అంటే అంతే,
కుండెడు పాలు కాచి చెంచాడు కోవా.

ఆరో అంశం: పక్క ఊరిలో కలిసిపోవడమా, మానడమా.
"మన ఊరు ఎప్పటిదో ఒక పేరా రాసి పెట్టు గెర్‌లిండ్,
వోట్లేసే ముందు చదువుదాం" అని
బీరువా తాళం నా చేతికిచ్చాడు వెండెలిన్.

మా ఊరి పేరు మొదట కనిపించేది
మఠంవాళ్ల కప్పం చిట్టాలో:
ఎల్లెర్‌షైట్, కోళ్లు పన్నెండు, మైనం రెండు వీశెలు.
పుట్టిన తేదీ లేదు మాకు, బాకీ తేదీ ఉంది.
ముప్పై ఏళ్ల యుద్ధంలో పొయ్యిలు లెక్కపెట్టడానికి వచ్చినవాడు
"పొగ లేదు" అని రాసుకుని గుర్రం తిప్పుకున్నాడు.
పన్నెండేళ్లకి మళ్లీ రెండు పొయ్యిలు.
ఎవరివో, ఎక్కడినుంచి వచ్చారో.
ఫ్రెంచివాళ్లు చావుపుట్టుకలకి రిజిస్టరు పెట్టించారు.
వాళ్లు పోయారు, రిజిస్టరు ఉండిపోయింది.

పద్దెనిమిది వందల నలభై ఆరు, నవంబరు.
బంగాళాదుంప నేలలోనే నల్లబడ్డ రెండో ఏడు.
తీర్మానం: పైకొండ ఓక్ చెట్లు అమ్మి
పదకొండు కుటుంబాలకి బ్రెజిల్ ఓడ టికెట్లు.
ఎంత దయ అనుకున్నాను.
కింద సన్నటి అక్షరాలు:
తిరిగి వచ్చినచో ఊరిలో హక్కు లేదు.
ఏకగ్రీవం.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది, డిసెంబరు.
పశువుల బేరగాడు యూలియుస్ కాల్‌మన్ ఇల్లు, కొట్టంతో సహా,
ఫైరింజను నిమిత్తం గ్రామం కొన్నది.
ధర, రెండు పాడి ఆవుల ఖరీదు.
కాల్‌మన్లు ఎటు పోయారో రాయలేదు.
ఏకగ్రీవం.
గుండ్రటి ముత్యాల్లాంటి ఆ దస్తూరీ
నా చిన్నప్పుడు పలకమీద చెయ్యిపట్టి దిద్దించినదే.
మా తాత అక్షరాలు.

ఆ పేరా నేను రాయలేకపోయాను.
"తరవాత చూద్దాంలే" అని వోటింగుకి పెట్టాడు వెండెలిన్.
ఎన్నడూ అమ్మనన్న పొలాన్ని నిరుడే అమ్ముకున్న ఏగోన్
కలిసిపోదామన్నాడు.
చుక్కల ఓటీలియా వద్దంది.
చేతులు మూడు, చేతులు మూడు.
సమానమైతే వీగినట్టే, చట్టం.
ఎవరూ గెలవకుండానే మిగిలిపోయాం.
ఎవరో బీరు సీసా మూత తీశారు.

ఏడో అంశం, ఇతరములు.
రాసేవాళ్లకి వోటు లేదు, నోరుంది.
ఇరవై రెండేళ్లలో మొదటిసారి చెయ్యెత్తాను:
ఈ గది గుమ్మం పక్కన ఒక పలక కావాలి,
ఇది ఎవరి కొట్టమో దానిమీద ఉండాలి.

తల పైకెత్తి గొట్టాలకేసి చూశారు అందరూ.
ఒకదాంట్లోంచి చుక్క పడింది. ఇంకొకటి.
"వచ్చే నెల ఒకటో అంశం" అన్నాడు వెండెలిన్,
నా వంక చూడకుండా, కళ్లజోడు తుడుచుకుంటూ.

మౌనాన్ని మినిట్స్‌లో ఎక్కించకూడదు.
ఎక్కించాను: నాలుగు నిమిషాలు.
బస్టాపు బల్లకి రంగు ఆకుపచ్చ అని రాయడం మర్చిపోయాను,
మార్జిన్లో ఇరికించాను.